శుక్రవారం ఉపవాస ప్రార్థనా, అత్తగారి డయాలసిసా?

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను. మా ఆయన ఆటో నడుపుతారు. ఎనిమిదేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాను. ఆయన క్రిస్మస్‌కి మాత్రం గుడికి వస్తారు, అత్తగారు అసలు రారు. అత్తగారికి రెండేళ్లుగా మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. మా సంఘంలో ఉపవాస ప్రార్థన కూడా శుక్రవారమే. పదో తరగతి చదివే మా పాపను బడి మాన్పించి ఆమెకు తోడు పంపి, నేను ప్రార్థనకు వెళ్తున్నాను. ‘నీకు గుడే ఇల్లయిపోనాది’ అని మా ఆయన గొడవ. ‘దేవునికి మొదటి స్థానం ఇవ్వాలి, మార్తలా ఉండకు’ అని సంఘపెద్ద ఒకరంటారు. మానేస్తే దేవుడు శిక్షిస్తాడేమోనని భయం. అత్తగారి పెన్షన్ పది వేలల్లో నెలకు వెయ్యి దశమభాగంగా ఇస్తున్నాను, ఇంట్లో చెప్పలేదు. గుడిలో కూర్చుంటేనే నాకు ఊపిరాడుతుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది చివరి మాట. పొద్దున్నుంచీ పనిలో వంగిన నడుము, ఇంటికొస్తే జబ్బు మనిషి, పిల్ల చదువు, అప్పులు. వీటి మధ్య వారానికి మూడు గంటలు ఎవరూ పిలవని చోట కూర్చోవాలనిపించడం తప్పేం కాదు. కాబట్టి ప్రార్థన మానెయ్యమని నేను చెప్పను. కానీ మీకు విశ్రాంతి దొరికే ఆ మూడు గంటలకు ఖరీదు మీ పాప కడుతోంది. అది మాత్రం ఆగాలి.

‘దేవునికి మొదటి స్థానం’ అన్న మాటని మనవాళ్లు తరచుగా ‘సంఘం టైంటేబుల్‌కి మొదటి స్థానం’ అని అర్థం చేసుకుంటారు. బైబిల్లో మార్కు సువార్త మొదటి అధ్యాయం ఈ రాత్రి ఒకసారి తీయండి. విశ్రాంతి దినాన యేసు కపెర్నహూము సమాజమందిరంలో బోధించాడు. అక్కడి నుంచి తిన్నగా సీమోను ఇంటికి వెళ్లాడు. అక్కడ సీమోను అత్త జ్వరంతో పడుకుని ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. సాయంత్రమంతా రోగులతోనే సరిపోయింది. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఒంటరిగా వెళ్లి ప్రార్థన చేసుకున్నాడు. మందిరం, అత్తగారి మంచం, ఏకాంత ప్రార్థన మూడూ ఒక్క రోజు వ్యవధిలోనే ఉన్నాయి. దేన్నీ రెండో స్థానానికి తోసెయ్యలేదు.

మార్త సంగతీ ఒక ముక్క చెప్తాను. యేసు ఇంటికొస్తే ఆమె పనుల్లో మునిగిపోయింది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింది. ఆమె వంట చేసినందుకు యేసు తప్పుపట్టలేదు, అనేక పనుల గురించి కంగారుపడుతున్నావన్నాడు. మీ పెద్దగారు వంటిల్లు వదిలి వచ్చిన మరియను చూపిస్తున్నారు, బాగానే ఉంది. ఆయన ఇంట్లో ఆ రోజు అన్నం ఎవరు వండారో అడగాలనిపించింది నాకు.

ఇక భయం. మీ ఉద్దానం ప్రాంతంలో వేల ఇళ్లలో ఈ కిడ్నీ జబ్బు ఉంది. దీనికి అసలు కారణం ఏదో పరిశోధకులే ఇంకా గట్టిగా తేల్చలేదు. ఆ ఇళ్లలో ప్రార్థన ఎరగనివాళ్లూ ఉన్నారు, మోకాళ్లు కాయలు కాసినవాళ్లూ ఉన్నారు. మీరు ఒక శుక్రవారం రాలేదని దేవుడు ముసలామె కిడ్నీల మీద కోపం తీర్చుకుంటాడని ఎవరైనా సాక్ష్యంలో చెప్పి ఉంటే, ఆ మాట అక్కడే వదిలెయ్యండి.

మీ సోంపేట సంగతే చూడండి. కెనడా బాప్టిస్టు మిషన్ ఆస్పత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ ఏళ్ల తరబడి కళ్ల ఆపరేషన్లు చేశారు. ఆ పనికి ఆసరాగానే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. రోగి పక్కన గడిపిన ఆ గంటలు దేవునికి ఇచ్చిన గంటలు కావని ఆయన్ని ఎవరూ అనుండరు.

పెన్షన్ విషయం మీకు నచ్చకపోయినా చెప్పాలి. ఆ పది వేలు మీవి కావు. దశమభాగం ఇవ్వాలనుకుంటే మీ కూలి డబ్బులోంచి, మీ ఆయనకు చెప్పి ఇవ్వండి. మార్కు ఏడో అధ్యాయంలో ‘కొర్బాను’ అన్న మాట వస్తుంది. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి అర్పించేశాం అని తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగా మందలించిన చోటు అది. అత్తగారి మందులకీ, ఆటో పెట్రోలుకీ వచ్చిన డబ్బుని ఆమెకు తెలియకుండా, ఆమె నమ్మని చోట ఆమె పేరైనా లేకుండా వెయ్యడం కానుక అనిపించుకోదు. మీరు దురాశతో చెయ్యలేదని నాకు తెలుసు. అయినా దాచారంటే మీ మనసుకి కూడా ఎక్కడో తెలుసు.

మరి శుక్రవారం? డయాలసిస్ అంటే దాదాపు నాలుగు గంటలు. మధ్యలో బీపీ పడిపోవచ్చు, అయ్యాక కాళ్లు తేలిపోతాయి. పక్కన పదిహేనేళ్ల గుంటను కూర్చోబెట్టే పని కాదు. నాయనమ్మకి దాహం వేస్తే పాప జాలిపడి కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చిందనుకోండి, రక్తంలో పొటాషియం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. పెద్దవాళ్లే ఉండాలి. అయితే ఆ పెద్దవాళ్లంటే ప్రతిసారీ మీరేనని కాదు. ఆమె మీ ఆయనకు కన్నతల్లి. ఆటో ఆయనదే. ఒక శుక్రవారం ఆయన బేరాలు మానుకుని ఆస్పత్రిలో కూర్చుంటే, ఆ వారం మీరు నిశ్చింతగా ప్రార్థనకు వెళ్లొచ్చు. మరో శుక్రవారం మీరు ఆస్పత్రిలో ఉంటారు. ‘గుడే ఇల్లయిపోనాది’ అన్న మనిషిని తిట్టకుండా, తేదీలు రాసిన కాగితం చేతికిచ్చి అడగండి.

మీ వంతు వచ్చిన రోజు ఆస్పత్రి బెంచీ మీద చిన్న కొత్త నిబంధన పుస్తకం పెట్టుకుని కూర్చోండి. గట్టిగా చదవక్కర్లేదు. పక్క మంచాల వాళ్లకి వాక్యం చెప్పే పని కూడా ఆ రోజు పెట్టుకోవద్దు. అత్తగారు అడిగితే తప్ప ఆమె తల మీద చెయ్యి వేసి ప్రార్థన చెయ్యకండి. కాళ్లు ఒత్తండి, దుప్పటి సర్దండి.

మీ సంఘం పాస్టరు అయ్యగారిని కూడా కలవండి. పెద్దలతో కాదు, ఆయనతోనే. ‘నెలలో రెండు శుక్రవారాలు రాలేను, అమ్మగార్లు ఎవరైనా ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి నాతో అరగంట కూర్చుంటారా?’ అని అడగండి. మంచి సంఘమైతే వస్తుంది.

ఇంకొకటి. జీడి పనిలో, ఈ ఎండల్లో, నీళ్లు కూడా ముట్టని ఉపవాసం చెయ్యకండి. మీరుండేది ఉద్దానం. పలాస ఎలాగూ వెళ్తున్నారు, మీకూ ఒకసారి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

వచ్చే ఒకటో తారీఖున పెన్షన్ డబ్బు లెక్కపెట్టి మొత్తం అత్తగారి చేతిలోనే పెట్టండి. ఇన్నాళ్లూ తీసిన వెయ్యి సంగతి ఆ రాత్రే మీ ఆయనకు చెప్పండి. కోప్పడతారు, పడనివ్వండి. పాపని శుక్రవారం బడికి పంపండి, మార్చిలో పరీక్షలున్నాయి.