సలహాల పెట్టెలో రెండే చీటీలు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ బాడీలు కట్టే షెడ్డు. వెల్డర్లు, పెయింటర్లు, హెల్పర్లు కలిపి 22 మంది. పని త్వరగా అయ్యే మార్గం రాసినవాళ్లకి 1000 రూపాయలు ఇస్తానని గేటు దగ్గర పెట్టె పెట్టాను. మూడు నెలల్లో రెండే చీటీలు పడ్డాయి. ఒకటి టీ చల్లారిపోయి వస్తోందని, రెండోది రేకులు కోసే చోట వెలుతురు చాలడం లేదని. మావాళ్లు ఆలోచించరా, నాకే అడగడం రాలేదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ రెండు చీటీలు చూశాక మీరేం చేశారో రాయలేదు. నాకు అదే ముఖ్యం అనిపిస్తోంది. వెలుతురు లేకపోతే గీత కనబడదు, రేకు తప్పుగా తెగుతుంది, మళ్లీ కొత్త రేకు తీయాలి. అంటే మీరు అడిగిన ‘పని త్వరగా అయ్యే మార్గం’ మూడు నెలలుగా పెట్టెలోనే ఉంది, మీకది ఫిర్యాదులా కనబడింది, అంతే.

ఆలేరులో చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. చేనేతలో నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పి చుట్టడాన్ని ఆసు పోయడం అంటారు, అందుకు ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ తిప్పాలి, వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజాలు పీకేసేవి. ఆ నొప్పి చూడలేకే ఆయన 1992లో మొదలుపెట్టి, 1999కి ఆసు యంత్రం పూర్తి చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అంతా ఒక నొప్పి దగ్గరే మొదలైంది.

నేను కుర్రతనంలో ఒక ప్రెస్సులో పనిచేశాను. బైండింగ్ చేసే పెద్దాయన కట్టలు మోసే దూరం తగ్గించడానికి బల్ల జరుపుదామంటే, ఓనరు అందరి ముందూ ‘నీ పని నువ్వు చూసుకో’ అన్నాడు. ఆయన మళ్లీ నోరు విప్పలేదు, చూస్తూ నిలబడ్డ మేమూ విప్పలేదు.

టొయోటా సంస్థ కార్మికుల సలహాలు తీసుకునే పద్ధతిని 1951లో మొదలుపెట్టింది, అంతకుముందు ఏడాదే ఆ సంస్థ డైరెక్టరు ఈజీ టొయోడా అమెరికాలో ఫోర్డ్ ఫ్యాక్టరీలో అలాంటిది చూసి వచ్చారు. వాళ్ల ఫ్యాక్టరీల్లో తాడు ఒకటి ఉండేది, తేడా కనబడితే ఏ కార్మికుడైనా లాగొచ్చు, లాగిన వెంటనే లీడర్ వచ్చి అతని పక్కన నిలబడతాడు, అప్పటికీ సర్దుబాటు కాకపోతే లైనే ఆగిపోతుంది. మీ పెట్టెలో లేనిది ఆ వెంటనే రావడమే.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందిగా ఉన్నా వినండి. మీ దగ్గర బాడీకి ఇంత అని కాంట్రాక్టు ఇస్తుంటే, పని త్వరగా అయితే రేటు తగ్గిస్తారనో, మనిషిని తీసేస్తారనో వాళ్లకి భయం ఉంటుంది. ఆ భయం ఉన్నంతకాలం ఎవరూ చెప్పరు, నేనైనా చెప్పను. ఏడాదిపాటు రేటు ముట్టుకోనని, ఎవరినీ మానిపించనని మీ నోటితోనే చెప్పండి. 1000 రూపాయల బహుమతి కూడా తీసేస్తే మంచిది, ఐడియా నాదంటే నాదని గొడవలొస్తాయి. రేకు వృథా తగ్గి మిగిలిన డబ్బులో అందరికీ వాటా ఇవ్వండి.

చీటీ రాయడం అందరికీ చేతకాదు. శనివారం సాయంత్రం అరగంట పని ఆపి, ఈ వారం ఏ పని రెండుసార్లు చేయాల్సి వచ్చిందని అడగండి, హెల్పర్ కుర్రాళ్లని ముందు అడగండి, మేస్త్రీ మాట్లాడాక వాళ్లు మాట్లాడరు.

టీకి మంచి ఫ్లాస్కు కొనండి. లైటు మాత్రం ఈ సోమవారమే పెట్టించండి, ఎక్కడ బిగించాలో రేకు కోసేవాళ్లనే అడిగి.