అమ్మబోయే ఫ్లాట్‌కి 9 లక్షల ఇంటీరియర్ చేయించాలా?

ప్రశ్న: మియాపూర్‌లో మాకు 1,250 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. 2015 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్‌తో కలిపి 42 లక్షలు పడింది. పోయిన నెల కిరాయివాళ్ళు ఖాళీ చేశారు. మావారు రిటైరయ్యారు. ఇది అమ్మేసి కాకినాడలో మా స్థలంలో ఇల్లు కట్టుకోవాలని ఉంది. ఇదే అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య ఇదే సైజు ఫ్లాట్లు రెండు 82 లక్షలకూ, 83.5 లక్షలకూ పోయాయి. మా బ్రోకర్ మాత్రం, ‘9 లక్షలు పెట్టి ఫుల్ ఇంటీరియర్ చేయించండి మేడం, 95కి అమ్మిపెడతా’ అంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ‘ఇంటీరియర్ వద్దు, హోమ్ స్టేజింగ్ చేయించు, ఇక్కడ అందరూ అదే చేస్తారు’ అంటోంది. దానికి రెండు నెలలకు 70 వేలు అడిగారు. చేతిలో అంత డబ్బు లేదు. ఇంటీరియర్ అయితే నా బంగారం బ్యాంకులో పెట్టాలి, వడ్డీ 10 శాతం. హోమ్‌లోన్ ఇంకా 11 లక్షలు ఉంది. వంటింటి వైపు బాల్కనీ గోడకు కొంచెం చెమ్మ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. మీ బంగారం లాకర్‌లోనే ఉండనివ్వండి. ఈ ఫ్లాట్ కోసం దాన్ని బయటికి తీయాల్సిన పనే లేదు.

మీ ఉత్తరంలో చెమ్మ సంగతి చిట్టచివర, ఏదో మర్చిపోయి గుర్తొచ్చినట్టు రాశారు. నా లెక్కలో మీకు ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు 9 లక్షల సంగతి తేల్చుకుందాం.

ఇంటీరియర్ అనేది ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళ కోసం చేసేది. వాళ్ళ ఎత్తుకు తగ్గట్టు వంటగట్టు, వాళ్ళ చీరలకూ సూట్‌కేసులకూ సరిపడే కబ్బోర్డులు, వాళ్ళ దేవుడి గది. హోమ్ స్టేజింగ్ చూడటానికి వచ్చేవాళ్ళ కోసం చేసేది. ఉన్న ఇంటినే శుభ్రం చేసి, అద్దె సామాను నాలుగు వేసి, గదులు ఎలా వాడుకోవచ్చో కళ్ళకు కట్టేలా చూపిస్తారు. అమ్మకం అయ్యాక సామాను వెనక్కి వెళ్ళిపోతుంది. 1970ల్లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన బార్బ్ ష్వార్ట్జ్ అనే రియల్ ఎస్టేట్ ఏజెంట్ ఈ పద్ధతికి ప్రచారం తెచ్చారు. నాటకానికి స్టేజీ సర్దినట్టు ఇల్లు సర్దడమన్నమాట. మీ అమ్మాయి అక్కడ రోజూ చూస్తున్నది ఇదే. ఆమె చెప్పిన దాంట్లో అసలు విషయం సరైనదే, కానీ ఆ ప్యాకేజీ మొత్తం మీకు అక్కర్లేదు.

ఇక బ్రోకర్ లెక్క. మీ అపార్ట్‌మెంట్‌లో ఇదే సైజు ఫ్లాట్లు 82, 83.5కి పోయాయని మీరే రాశారు. మీది 84 దగ్గర పోతుందనుకుందాం. 9 లక్షలు పెట్టాక 93 వస్తే మీకు మిగిలేది సున్నా. ఆ పైన వచ్చేదే లాభం. పోనీ 95 వచ్చిందే అనుకోండి, 2 లక్షల కోసం 9 లక్షలు అప్పు చేసినట్టు. ఆ 2 లక్షలు కూడా పూర్తిగా చేతికి రావు. బంగారం మీద 9 లక్షలకు 10 శాతమంటే నెలకు 7,500 వడ్డీ. మీ హోమ్‌లోన్ 8.5 శాతం అనుకుంటే 11 లక్షలకు నెలకు దాదాపు 7,800 వడ్డీ. మెయింటెనెన్స్ 3 వేలు అనుకుందాం. ఇంటీరియర్ పని జరిగే రెండు నెలల్లోనే ఈ మూడింటికీ 36,600 పోతాయి. రావాల్సిన కిరాయి నేను ఇందులో కలపలేదు. వడ్రంగులు రెండు నెలలన్నది మూడు నెలలు చేయడం మనందరికీ అనుభవమే కదా.

అసలు 95 ఎందుకు కష్టమో చెబుతాను. మీ ఫ్లాట్ కొనేవాళ్ళు చాలావరకు హోమ్‌లోన్‌తోనే వస్తారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 30 లక్షల పైన 75 లక్షల వరకు ఇచ్చే హోమ్‌లోన్ ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు. ఆ విలువ కట్టేది బ్యాంకు పంపే వాల్యుయర్. ఆయన చూసేది ఏరియా, చదరపు అడుగు రేటు, బిల్డింగ్ వయసు, కాగితాలు. టీవీ యూనిట్‌కూ ఫాల్స్ సీలింగ్‌కూ ఆయన 10 లక్షలు వేయడు. ఆయన 84 దగ్గర ఆగితే లోన్ గరిష్ఠంగా 67.2 లక్షలు వస్తుంది. ధర 84 అయితే కొనేవాళ్ళు చేతి నుంచి పెట్టుకోవాల్సింది 16.8 లక్షలు. ధర 95 అయితే 27.8 లక్షలు. దీనిపైన తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం. అంటే మీ ఇంటీరియర్ డబ్బంతా కొనేవాళ్ళు నగదుగా తెచ్చుకోవాలి. అంత డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు తమకు నచ్చిన డిజైన్ తామే చేయించుకుంటారు, లేదా ఇంకాస్త కొత్త ఫ్లాట్ చూసుకుంటారు.

ఇక్కడ కొందరు ‘ఫర్నిచర్‌కి వేరే అగ్రిమెంట్ రాసుకుందాం, కొంత క్యాష్‌గా తీసుకుందాం’ అంటారు. వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీగా పడే ప్రమాదం ఉంది. అడ్వాన్స్‌తో సహా ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే రానివ్వండి.

‘ఇంటీరియర్ ఖర్చు చూపిస్తే టాక్స్ తగ్గుతుంది’ అని కూడా మీ బ్రోకర్ అనొచ్చు. అది కూడా చూద్దాం. 2025-26లో 84 లక్షలకు అమ్మితే, బ్రోకరేజీ, సెస్సు పక్కన పెడితే, కొత్త పద్ధతిలో 42 లక్షల లాభం మీద 12.5 శాతం, అంటే 5.25 లక్షలు. మీరు 2024 జూలై 23కి ముందే కొన్నారు కాబట్టి పాత పద్ధతితో, అంటే కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి లాభం లెక్కేసే పద్ధతితో, పోల్చుకునే వీలుంది. 2014-15 ధరల సూచీ 240, 2025-26 సూచీ 376. ఆ లెక్కన మీ 42 లక్షలు 65.8 లక్షలవుతాయి. మిగిలిన 18.2 లక్షల మీద 20 శాతం, అంటే 3.64 లక్షలు. ఇదే మీకు తక్కువ. ఇప్పుడు 9 లక్షల ఇంటీరియర్ మొత్తం ఒప్పుకున్నా తగ్గే పన్ను 1.8 లక్షలే. అందులోనూ సోఫాలు, మంచాలు లెక్కలోకి రావు. గోడకు బిగించిన పనికే, అదీ బిల్లులుంటేనే, అడిగే ఆస్కారం.

మీ విషయంలో ఆ 1.8 కూడా ఉండకపోవచ్చు. ఎందుకంటే మీరు కాకినాడలో ఇల్లు కడుతున్నారు. అమ్మిన మూడేళ్ళలోపు కట్టడం పూర్తయి, లాభం మొత్తం అందులో పెడితే పన్ను మినహాయింపు దొరుకుతుంది. పన్నే లేనప్పుడు తగ్గించుకోవడానికి ఏముంటుంది? ఒక్క జాగ్రత్త. మినహాయింపు కోసం పెట్టుబడి లెక్క చూసేటప్పుడు 18.2 కాదు, సూచీ కలపని 42 లక్షల లాభాన్నే దృష్టిలో పెట్టుకోండి. రిటర్ను గడువులోపు ఇంటికి ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, మామూలు ఎఫ్‌డీలో కాదు. అమ్మకానికి ముందే ఆడిటర్ దగ్గర ఒక గంట కూర్చోండి.

ఇప్పుడు చెమ్మ దగ్గరికి వద్దాం.

నాలుగేళ్ళ కిందట మా బావగారి ఫ్లాట్ అమ్మకానికి పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చూడటానికి వచ్చిన దంపతుల్లో ఆవిడ హాలు వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా కామన్ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పారు, ఫ్లష్ నొక్కారు. తర్వాత బయటి గోడ దగ్గర వంగి, కిటికీ కింద ఉబ్బిన రంగు మీద బొటనవేలితో నొక్కారు. చిన్న పెచ్చు ఊడి గచ్చు మీద పడింది. ఆయన ఏమీ అనలేదు, ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నారంతే. మర్నాడు బ్రోకర్ ఫోన్: ‘సీపేజీ ఉందంట సార్, 4 లక్షలు తగ్గించమంటున్నారు.’ తర్వాత ప్లంబర్‌ని పిలిపిస్తే పైఫ్లోర్ నుంచి వచ్చే పైపు జాయింట్ దగ్గర లీకేజీ. దాన్ని మార్చి, పుట్టీ పెట్టి రంగు వేయడానికి అయింది 22 వేలు. బేరం మాత్రం రెండున్నర లక్షలు తగ్గించాకే కుదిరింది. ఆ హాల్లో 3 లక్షల ఫాల్స్ సీలింగ్ ఉంది. దాని గురించి వాళ్ళు అన్నది ఒక్కటే: ‘దీంతో ఎత్తు తగ్గిపోయినట్టుంది.’

అందుకే మీరు మొదట పిలవాల్సింది ప్లంబర్‌ని. చెమ్మ పైనుంచి వస్తోందా, పైపుదా, బయటి గోడ పగులుదా తేల్చండి. బయటి గోడదైతే అసోసియేషన్‌తో మాట్లాడండి. మూలం సరిచేయకుండా పైన రంగు కొట్టి దాచొద్దు. రెండు వానలకు బయటపడుతుంది, కొన్నవాళ్ళను మోసం చేసినట్టూ అవుతుంది. గోడ పూర్తిగా ఆరాకే ఫ్లాట్ మొత్తానికి ఒకే లేతరంగు వేయించండి. కుళాయిలు, ఫ్లష్‌లు, తలుపు గడియలు, పని చేయని స్విచ్‌లు సరిచేయించండి. వంటింటి కబ్బోర్డు తలుపులు వేలాడుతుంటే కీళ్ళు మార్పించండి, కొత్త మాడ్యులర్ కిచెన్ వద్దు. ప్రతి గదిలో తెల్లటి మంచి లైట్లు పెట్టించి, చివర్లో డీప్ క్లీనింగ్. మామూలు లీకేజీ అయితే ఇదంతా లక్షలోపు అయిపోవాలని నా అంచనా.

స్టేజింగ్ విషయానికొస్తే, ఖాళీ బెడ్‌రూమ్ ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. డబుల్ కాట్ పడుతుందా లేదా అని చూసేవాళ్ళకు సందేహం. ఒక మంచం వేసి, దాని పక్కన మనిషి నడిచే దారి కనిపిస్తే ఆ ప్రశ్నే రాదు. దీనికి 70 వేల ప్యాకేజీ ఎందుకు? మీరు ఇప్పుడుంటున్న ఇంట్లోంచి దివాన్ కాట్, నాలుగు కుర్చీల డైనింగ్ టేబుల్, ఉతికిన కర్టెన్లు తెప్పించండి. మంచం, సోఫా మాత్రం నెల అద్దెకు తీసుకోండి. హైదరాబాద్‌లో ఫర్నిచర్ నెలవారీ అద్దెకు ఇచ్చే సంస్థలున్నాయి, కనీసం ఎన్ని నెలలు తీసుకోవాలో ముందే అడగండి. దేవుడి ఫోటోలు, కుటుంబం ఫోటోలు, పాత సామాను ఏవీ అక్కడ ఉంచొద్దు. బాల్కనీలో బట్టలారేసే తీగ తీసేసి రెండు తులసి కుండీలు పెడితే చాలు.

ఫోటోలు మాత్రం సరిగ్గా తీయించండి. ఈ రోజుల్లో ఇల్లు మొదట చూసేది ఫోన్‌లోనే. కొడుకో కూతురో విదేశాల నుంచి వాట్సాప్‌లో వీడియో చూసి ‘సరే నాన్నా, వెళ్ళి చూడండి’ అన్నాకే పెద్దవాళ్ళు మీ గుమ్మం దాకా వస్తారు. పొద్దున వెలుతురులో, అన్ని లైట్లూ వేసి, గది మూల నుంచి ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయమనండి. వీధి, లిఫ్టు, పార్కింగ్ కూడా తీయించండి. మెట్రో స్టేషన్ దాకా నడిస్తే ఎన్ని నిమిషాలో ప్రకటనలో రాయండి, అబద్ధం మాత్రం రాయొద్దు.

కాగితాలు కూడా స్టేజింగ్‌లో భాగమే అనుకోండి. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్ల (మీకు ముందు యజమానుల కాగితాల) జిరాక్సులు, తాజా ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తిపన్ను రసీదు, అసోసియేషన్ నుంచి బకాయిల్లేవన్న ఉత్తరం ఒక ఫైల్లో పెట్టి, చూడటానికి వచ్చినవాళ్ళ చేతికివ్వండి. మీ ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నాయి కాబట్టి బ్యాంకు నుంచి డాక్యుమెంట్ల జాబితా, లోన్ బకాయి ఉత్తరం తీసుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్‌లోన్ ముందే కట్టేస్తే పెనాల్టీ లేదు. అప్పు తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు కట్టాలి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్, అంటే మీ తరఫున ముందే కట్టే పన్ను, పట్టుకుంటారు. 84 లక్షలకైతే 84 వేలు. టెన్షన్ పడకండి, అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్నులో లెక్కకొస్తుంది.

ధర 86 చెప్పి, 83 కిందికి దిగకూడదని మీవారితో కలిసి ఇవాళే అనుకుని పెట్టుకోండి. ఆరు వారాల్లో పదిమంది చూసి కూడా ఒక్కరూ బేరానికి రాకపోతే తప్పు ధరలో ఉంది, ఇంట్లో కాదు. అప్పుడు కూడా ఇంటీరియర్ వైపు వెళ్ళకండి, 2 లక్షలు తగ్గించి చూడండి. 9 లక్షలు పెట్టడం కంటే 2 లక్షలు తగ్గించడం మీకు చవక.

మాడ్యులర్ కిచెన్ మీద మీకు మనసు ఉందేమో. దాన్ని కాకినాడలో చేయించుకోండి. గట్టు మీ ఎత్తుకు సరిపోయేలా కొలతలు మీరే దగ్గరుండి ఇప్పించండి. ప్లంబర్ ఏం చెప్పాడో మళ్ళీ రాయండి, లీకేజీ పైనుంచే అయితే పైఫ్లోర్ వాళ్ళను ఖర్చు పంచుకోమని ఎలా అడగాలో చెబుతాను.