ముందు వెండి ఎలా నిలిచిందో చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

వెండి నగిషీ కత్తుల మీద నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. నీ భాషకు వంక పెట్టను. కానీ మొదటి పేజీలోనే 'అద్భుతం', 'అపురూపం', 'మహోన్నత కళానైపుణ్యం' వచ్చేశాయి. పాఠకుడికి కత్తి మాత్రం ఇంకా కనబడలేదు. ఆ మాటలన్నీ కొట్టేసి, ఒక్క ప్రశ్న దగ్గర మళ్లీ మొదలుపెట్టు: ఉక్కు మీద వెండి ఎలా నిలిచింది?

నున్నటి ఉక్కు మీద వెండి తీగను పెట్టి సుత్తితో ఎంత కొట్టినా అది అంటుకోదు. పనివాళ్లు ఈ చిక్కుకు రకరకాల జవాబులు వెతికారు. నువ్వేమో అన్నిటినీ 'వెండి పూత' అని ఒకే గాటన కట్టేశావు.

ఉదయపూర్, సియాల్‌కోట్ లాంటి చోట్ల పేరుపడ్డ కోఫ్త్‌గరీనే తీసుకో. పదునైన ఉలితో ఉక్కు మీద అడ్డంగా, ఏటవాలుగా దగ్గరదగ్గరగా గీతలు గీసి గరుకు చేస్తారు. ఆ గరుకు మీద సన్నటి వెండి తీగను డిజైన్ ప్రకారం పరుస్తూ సుత్తితో తడతారు. మెత్తని వెండి ఆ పళ్లలో ఇరుక్కుంటుంది. తర్వాత నున్నటి రాయితో రుద్ది మెరుగుపెడతారు. జపాన్‌వాళ్ల నునోమె జోగాన్‌ది కూడా ఇదే సూత్రం.

తహ్‌నిషాన్ పద్ధతి వేరు. అందులో ఉక్కులో నిజంగానే గాడి తవ్వుతారు. పైన ఇరుకు, అడుగున కాస్త వెడల్పు. తీగను లోపల పెట్టి కొడితే అది అడుగున విస్తరిస్తుంది, ఇక పైకి రాలేదు. శ్రమ చాలా ఎక్కువ, మన్నికా అంతే. ఈ పనికి స్వచ్ఛమైన వెండి కావాలి. రాగి కలిపిన 92.5 శాతం వెండి గట్టిగా ఉంటుంది కాబట్టి అంత సులువుగా పరుచుకోదు. ఈ ఒక్క వివరం నీ మూడు పేరాల పొగడ్తకంటే ఎక్కువ చెబుతుంది.

మ్యూజియంలో కత్తి ముందు నిలబడితే మెరిసే చోటు చూడకు, ఊడిపోయిన చోటు చూడు. వెండి లేచిపోయిన దగ్గర గీతల గరుకు కనిపిస్తే కోఫ్త్‌గరీ, ఖాళీ గాడి కనిపిస్తే తాపిన తీగ. వైకింగుల కాలపు కొన్ని పిడుల మీద వరసగా, బాగా దగ్గరగా కోసిన సన్న గాళ్లు ఉంటాయి. ఒకప్పుడు వాటినిండా తీగలుండేవి. గరుకు మీద పరిచిన వెండికి అసలు శత్రువు తుప్పు. అది కింద నుంచి పాకి వెండిని పైకి లేపేస్తుంది.

'నీలో' (niello) అనే నల్లటి నగిషీ గురించి నువ్వు రాసినది పూర్తిగా తప్పు. అది పైన పూసే నల్లరంగు కాదు. వెండి, రాగి, సీసం, గంధకం కలిపి చేసిన పొడి. చెక్కిన వెండి గాళ్లలో నింపి, కరిగించి, పైన అరగదీస్తారు. వెండి వస్తువులు వాటంతటవే నల్లబడేదీ గంధకం వల్లనే. రష్యాలోని దాగెస్తాన్‌లోని కుబాచి ఊరి పనివాళ్లు ఆ నలుపునే నగిషీ చేసుకున్నారు. వాళ్లు చేసిన పిడులు, ఒరలు చూసి ఆ పేరా మళ్లీ రాయి.

పిడి మీదా ఒర మీదా ఉన్నంత పనితనం అలుగు (కత్తిలో కోసే భాగం) మీద ఎందుకుండదని అడిగి వదిలేశావు. గట్టిపరిచిన ఉక్కులో గాడి తవ్వడం కష్టం, మళ్లీ ఎక్కువ వేడిచేస్తే ఆ గట్టితనం పోతుంది. పైగా సాన పట్టినప్పుడల్లా అంచు అరుగుతుంది. అందుకే అలుగు మీద చేసినా ఎక్కువగా పిడికి దగ్గరగానో, వెన్ను వైపో చేస్తారు.

కత్తి పట్టిన రాజుకు నాలుగు పేజీలిచ్చావు, చేసినవాడికి ఒక్క వాక్యం. చాలా కత్తుల మీద పనివాడి పేరుండదు, నిజమే. అలాగని వాడికో కథ కల్పించకు, నాకు ఆ రకం రాత అస్సలు పడదు. వాడి చేతిపని గురించి రాస్తే చాలు. 1876లో జపాన్ ప్రభుత్వం బహిరంగంగా కత్తులు ధరించడాన్ని నిషేధించాక అక్కడి లోహకారులు పూలకూజాలు, పెట్టెలు చేసి విదేశాలకు అమ్మారు. అదే ఉలి, అదే తీగ. ముగింపులో నీ కవిత్వం తీసేసి ఈ సంగతి విస్తరించు.

కొత్త ప్రతి పంపేటప్పుడు అరిగిన భాగాల ఫొటోలు కూడా పెట్టు. రాజుగారి పేజీలు ఒకటికి తగ్గించు.