రాతను నమ్ముకుని ఉద్యోగం మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 36 వేలు. రెండేళ్లుగా రాత్రిపూట ఓ టీవీ సీరియల్‌కు డైలాగులు, అప్పుడప్పుడు ఆడియో కథలు రాస్తున్నాను. సగటున నెలకు 15 వేలు వస్తోంది. కానీ ఫిబ్రవరిలో రాసిన ఎపిసోడ్ల డబ్బు మేలో అందింది. ఇంట్లో అమ్మ, నేను. ఖర్చు 34 వేలు. ఎఫ్‌డీలో 1.80 లక్షలున్నాయి. అమ్మకు షుగర్. ఉద్యోగం మానేసి పూర్తిగా రాయాలనుంది. ధైర్యం చేయొచ్చా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: చేయొచ్చు, కానీ ఇప్పుడే కాదు. పగలంతా ఉద్యోగం చేసి, రెండేళ్లు గడువు తప్పకుండా ఎపిసోడ్లు ఇచ్చారంటే మీకు పని చేతనవును. మీ చిక్కల్లా డబ్బు చేతికందే తేదీతోనే. ఫిబ్రవరి రాతకు మేలో డబ్బొస్తే, మధ్యలో ఇంటి అద్దె మూడుసార్లు కట్టాలి. అందుకే మీ దగ్గర తొమ్మిది నెలల ఖర్చు, అంటే సుమారు 3.06 లక్షలు సిద్ధంగా ఉండాలి. ఇంకా 1.26 లక్షలు తక్కువ. రాత మీద వచ్చే 15 వేలను ముట్టుకోకుండా వేరే ఖాతాలో వేస్తే తొమ్మిది నెలల్లో ఆ లోటు తీరుతుంది. పీఎఫ్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఈలోగా ఇంకో ఇద్దరు ముగ్గురి దగ్గర పని సంపాదించండి. సీరియల్‌కు శుభం కార్డు పడితే మీ రాబడిలో పెద్ద భాగం ఆ రోజుతో ఆగిపోతుంది. ఉద్యోగం చేస్తూనే వరుసగా ఆరు నెలలు సగటున 25 వేలు వస్తే రాజీనామా ఇవ్వండి. ఖర్చు 34 వేలకు తగ్గే లోటును దాచిన ఆ డబ్బు ఆదుకుంటుంది. బిల్లు పంపిన మొత్తం కాదు, బ్యాంకులో పడిందే లెక్క. మానేశాక రాబడంతా ఒకే ఖాతాలోకి రానిచ్చి, ఒకటో తారీఖున 34 వేలు ఇంటి ఖాతాకు జీతంలా పంపుకోండి. ఏ నెలలోనైనా ఎక్కువొస్తే రాబడి ఖాతాలోనే ఉండనివ్వండి.

నాకు ఎక్కువ టెన్షన్ మీ అమ్మగారి గురించే. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. కొత్త పాలసీలో షుగర్ లాంటి పాత జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు. ఆ గడియారం ఇప్పుడే మొదలవ్వాలి కాబట్టి ఈ నెలలోనే విడిగా పాలసీ తీసుకోండి. షుగర్ సంగతి దరఖాస్తులో దాచొద్దు. దాస్తే క్లెయిమ్ నాడు తిరస్కరిస్తారు.

పన్ను గురించి కంగారు అక్కర్లేదు. ఒకే సంస్థ నుంచి ఏడాదికి 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే తీసే పన్ను) కోస్తారు: 40 వేల బిల్లుకు 36 వేలే అందుతాయి. మీ ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు. రిటర్న్ వేస్తే ఆ నాలుగు వేలూ వెనక్కి వస్తాయి. రిటర్న్ వేయక ఈ డబ్బు వదిలేసుకునే రచయితలను చూస్తే బాధేస్తుంది. రేపు బ్యాంకులో లోన్ అడిగినా చూపించాల్సింది ఆ రిటర్న్‌లే.

నోటిమాట మీద పని ఒప్పుకోవద్దు. ఎపిసోడ్‌కు ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎన్నిసార్లు తిరగరాయాలి అన్నవి వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. అది ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని అడిగే హక్కు మీకుంటుంది. సీరియల్ వాళ్ల దగ్గర పాత బాకీ ఏమైనా ఉంటే, రాజీనామా ఇచ్చేలోపే వసూలు చేసుకోండి.