కాప్రి పడవకు కార్డు అప్పా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి రూ.1,05,000 వస్తుంది. ఇంటి రుణం వాయిదా రూ.34,000తో కలిపి ఖర్చులు రూ.78,000. పొదుపు ఖాతాలో రూ.1,10,000 ఉంది. పదో పెళ్లిరోజుకు మే నెలలో భార్యతో కలిసి ఎనిమిది రోజులు ఇటలీ వెళ్లాలని ఉంది. కాప్రి ద్వీపం చుట్టూ రోజంతా తిరగడానికి మా ఇద్దరికే ఒక పడవ కావాలంటే ట్రావెల్ ఏజెంటు 1,200 యూరోలు చెప్పారు. ప్రయాణానికి 14 శాతం వడ్డీతో మూడేళ్లకు రూ.4 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుని, పడవ ఖర్చు క్రెడిట్ కార్డు మీద ఏడాది వాయిదాల్లో కట్టవచ్చా? అత్యవసరమైతే కార్డు పరిమితి రూ.3 లక్షలు ఎలాగూ ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఆ చివరి వాక్యం. ఈమధ్య చాలామంది నోట ఇదే వింటున్నాను, అందుకే ఈ ప్రశ్నను ఎంచుకున్నాను. కార్డు పరిమితి మీ డబ్బు కాదండీ, బ్యాంకు డబ్బు. తలచుకున్నప్పుడు తగ్గించే హక్కు బ్యాంకుకు ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఒకాయనకు ఉద్యోగం పోయాక ఒక్క వాయిదా ఆలస్యమైంది. నాలుగు లక్షల పరిమితి అరవై వేలకు దిగింది. అదే వారంలో వాళ్ల నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారు. కార్డు మీద నగదు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. చాలా కార్డుల్లో అది ఏడాదికి 36 నుంచి 42 శాతం.

ఇక మీ లెక్క. రుణం వాయిదా సుమారు రూ.13,670. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో పడవ ఖర్చు తక్కువలో తక్కువ రూ.1,20,000. కార్డు వాయిదాల మీద వడ్డీ 15 శాతమే అనుకున్నా నెలకు రూ.10,830, దానికి ప్రాసెసింగ్ రుసుము, వడ్డీపై జీఎస్టీ అదనం. ఇప్పుడు మిగులుతున్న రూ.27,000లో ఏడాదిపాటు మీ చేతిలో ఉండేది రెండున్నర వేలు. ఇంట్లో ఫ్రిజ్ పాడైతే మళ్లీ అప్పే! వ్యక్తిగత రుణం తీరేసరికి వడ్డీ కిందే రూ.92,000 పోతుంది.

అంత డబ్బుకు ఆ రోజు ఏం దక్కుతుందో కూడా చూడండి. ఫరాగ్లియోని రాతిస్తంభాలు, వాటిలో ఒకదానికి ఉన్న కమాను కిందుగా పడవ దూరడం, నిస్సందేహంగా అందమే. కాప్రిలోని మరీనా గ్రాందె రేవు నుంచి పదిమందితో కలిసి పడవెక్కితే మనిషికి కొద్ది పదుల యూరోలతో, రెండు గంటల్లో అదే కమాను, అదే సముద్రం. గ్రోట్టా అజుర్రా అనే నీలి గుహ ముఖద్వారం నీటిపైన మీటరు ఎత్తే. ఎంత ఖరీదైన పడవలో వెళ్లినా అక్కడ చిన్న తెడ్ల పడవలోకి దిగి, వెల్లకిలా పడుకోవాల్సిందే. పడవవాడు గోడకు బిగించిన గొలుసు పట్టుకుని లోపలికి లాగుతాడు. నీళ్ల అడుగునున్న కంత గుండా వచ్చే ఎండతో లోపలంతా నీలంగా వెలుగుతుంది. ఉండనిచ్చేది ఐదు నిమిషాలే. అల కాస్త లేచినా ఆ రోజుకు గుహ మూసేస్తారు.

మరో విషయం. ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అంటే ఆ ఎనిమిది రోజులూ మీకు ముప్పై లక్షలకు పైగా రక్షణ. మిగిలిన 357 రోజుల సంగతి? మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. కంపెనీ ఇచ్చిన పాలసీ ఉంటే ఉండవచ్చు, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. ముందు సొంతంగా ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీగా ఉండే రూ.10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు, అంటే రూ.4,68,000 కావాలి. ఉన్నది పోగా ఇంకా రూ.3,58,000. నెలనెలా ఆ రూ.27,000 పక్కన పెడితే పద్నాలుగు నెలలు పడుతుంది, బీమా ప్రీమియం వల్ల ఇంకో నెలో రెండో. ఈ డబ్బు అవసరమైనప్పుడు త్వరగా తీసుకోగల లిక్విడ్ మ్యూచువల్ ఫండ్‌లోనో, మిగులు సొమ్ము దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే స్వీప్ ఖాతాలోనో ఉండాలి, షేర్లలో వద్దు. బంగారం తాకట్టు, పీఎఫ్ సొమ్ము తీయడం లాంటి ఆలోచనలు వస్తే అక్కడే ఆపేయండి. ఆ తర్వాత అదే రూ.27,000 ఇటలీ పేరుతో మరో పదిహేను నెలలు దాస్తే రూ.4 లక్షలు. బోనస్ వస్తే గడువు తగ్గుతుంది.

కాప్రి మానేసి పాపికొండలతో సరిపెట్టుకోమని నేను చెప్పను. పన్నెండో పెళ్లిరోజు దాటాక, అందరితో కలిసి ఎక్కే పడవకే డబ్బు కట్టి వెళ్లండి. కాప్రిని ప్రయాణంలో చివరి రోజుకు పెట్టుకోకండి, సముద్రం బాగోకపోతే మర్నాడు ప్రయత్నించే వీలుండాలి. గుహ టికెట్టు పడవ ఖర్చులో సాధారణంగా కలవదు, ఆ డబ్బు విడిగా జేబులో ఉంచుకోండి.