పరలోక బహుమానం గురించి రాస్తున్న చెల్లెమ్మకు

ప్రియమైన చెల్లెమ్మకు,

ప్రభువునందు వందనాలు. నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. వాక్యం మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. కానీ చదవడం పూర్తయ్యాక నా మనసులో మిగిలింది ఒక పట్టిక. శోధన సహించినవారికి జీవకిరీటం, ప్రభువు ప్రత్యక్షతను ప్రేమించినవారికి నీతికిరీటం, మందను కాచిన పెద్దలకు మహిమ కిరీటం. అన్నీ వాక్యంలో ఉన్నవే. అయితే ఏ పనికి ఏ కిరీటమో వరసగా పేర్చుకుంటూ పోయేసరికి, వాటిని ఇచ్చే దేవుడు నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. ప్రకటన గ్రంథం నాలుగో అధ్యాయంలో పెద్దలు తమ కిరీటాలు తీసి సింహాసనం ముందు వేస్తారు. ఆ దృశ్యాన్ని నువ్వు ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు.

అలాగని బహుమానం మాట ఎత్తడానికి సిగ్గుపడమని నేననను. ఫలం ఆశించి చేసేది భక్తే కాదని కొందరు రాస్తారు. వినడానికి అది వినయంగానే ఉంటుంది. యేసు మాత్రం అలా మాట్లాడలేదు. తన నిమిత్తం నిందలు పడేవారితో ‘సంతోషించండి, పరలోకంలో మీ ఫలం గొప్పది’ అన్నాడు. శిష్యుడని ఒకరికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినా ఆ ఫలం పోదన్నాడు. మోషే రాబోయే బహుమానం మీద దృష్టి పెట్టాడని హెబ్రీ పత్రిక మెచ్చుకుంటూనే చెబుతుంది. ప్రభువు దాచని మాటను మనం దాచకూడదు.

రక్షణ గురించి రాసేటప్పుడు ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాల దగ్గర ఆగిపోయావు. కృపచేతనే, క్రియలవల్ల కాదు, నిజమే. కానీ పదో వచనం కూడా చదువు. మంచి పనులు చేయడానికే మనం క్రీస్తులో సృష్టించబడ్డామని, ఆ పనుల్ని దేవుడే ముందుగా సిద్ధపరిచాడని పౌలు అంటాడు. ఈ మూడూ కలిపి చదివితే క్రియలు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. ఆ పక్కనే మొదటి కొరింథీ మూడో అధ్యాయం పెట్టుకో. పునాది క్రీస్తే. దానిమీద కట్టినది నిలిస్తే జీతం ఉంది, కాలిపోతే నష్టం ఉంది. అయినా కట్టినవాడు రక్షింపబడతాడు, అగ్నిలోంచి తప్పించుకున్నట్టు. రక్షణ వేరు, జీతం వేరు అని ఇంత సూటిగా చెప్పిన భాగం మరొకటి దొరకదు. దాన్ని మెత్తబరచకుండా రాయి. అక్కడున్న భయం కూడా పాఠకుడికి చేరాలి.

కతోలికుల గురించి నువ్వు రాసిన వాక్యం తీసెయ్. క్రియలతో పరలోకాన్ని కొనుక్కుంటారని ఒక్క ముక్కలో తేల్చేశావు. 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ నీతిమంతులుగా తీర్చబడటం గురించి చేసిన నిర్ణయాల్లో మొట్టమొదటి నియమమే, కృప లేకుండా తన క్రియలతో మనిషి దేవుని ముందు నీతిమంతుడు కాగలడనే మాటను ఖండిస్తుంది. అదే సభ, కృపలో ఉన్నవాడి మంచి పనులు నిత్యజీవానికి నిజంగా యోగ్యత సంపాదిస్తాయని కూడా చెప్పింది. ప్రొటెస్టెంటు సంస్కర్త లూథర్ అనుచరులు ఒప్పుకోనిది ఈ రెండో మాటనే. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఈ అంశం మీద ఒక ఉమ్మడి ప్రకటనను ఆమోదించాయి. తేడాలన్నీ పోలేదు. ఉన్న తేడాను ఉన్నంతే రాయి. అవతలివాళ్లు చదివి ‘అవును, మేము నమ్మేది ఇదే’ అనగలిగేలా ఉండాలి. ఇరుపక్షాలూ గౌరవించే ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను, దేవుడు మన యోగ్యతలకు కిరీటం పెట్టడమంటే తన వరాలకే కిరీటం పెట్టడం అన్నాడు. నీ వ్యాసానికి వెన్నెముకలా నిలవాల్సిన ఆలోచన అది.

ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానం నీ వ్యాసంలో అన్నిటికన్నా బాగా వచ్చింది. కానీ దాన్ని మత్తయి ఇరవయ్యో అధ్యాయంతో మొదలుపెట్టావు. ఒక్క పేజీ వెనక్కి వెళ్లు. ‘మేము సమస్తం విడిచి నిన్ను వెంబడించాం, మాకేం దొరుకుతుంది?’ అని పేతురు అడుగుతాడు. యేసు అతన్ని కోప్పడడు. సింహాసనాలున్నాయంటాడు, నూరంతలంటాడు. ఆ వెంటనే ఈ ఉపమానం చెబుతాడు. రోజంతా ఎండలో పనిచేసినవాడికీ ఒక దేనారమే, అంటే ఒక రోజు కూలే, చివరి గంటలో వచ్చినవాడికీ ఒక దేనారమే. సణిగినవాడికి కూలి తగ్గలేదు, పక్కవాడికి అంతే ఇచ్చారన్నదే అతని బాధ. పేతురు ప్రశ్నకు జవాబు దొరికింది, పక్కవాడితో పోల్చుకునే దారి మాత్రం మూసుకుపోయింది. ప్రశ్ననూ ఉపమానాన్నీ విడదీస్తే రెండూ కుంటుపడతాయి.

ఇప్పుడు రాసేవాళ్లుగా నిన్నూ నన్నూ తాకే సంగతి. మత్తయి ఆరో అధ్యాయంలో ధర్మం చేసేవాడి కుడిచేయి సంగతి ఎడమచేతికి తెలియకూడదు. ఇరవై ఐదో అధ్యాయంలో తీర్పు వేళ కుడివైపు నిలిచినవారికి తాము చేసిన మేలు గుర్తే లేదు: ‘ప్రభువా, ఎప్పుడు నిన్ను ఆకలిగొనియుండుట చూచితిమి?’ అని అడుగుతారు. మరి నువ్వు మీ సంఘంలోని ఒక పెద్దావిడ రహస్యంగా చేసే సహాయాన్ని ఆమె పేరుతో సహా రాశావు. ప్రేమతోనే రాశావని నాకు తెలుసు. కానీ పరలోకపు తండ్రికి మాత్రమే తెలియాలని ఆమె దాచుకున్నదాన్ని మనం మనుషుల ముందు పరిచే హక్కు ఎక్కడిది? మీ సత్క్రియలు చూసి మనుషులు పరలోకపు తండ్రిని మహిమపరచాలని ఐదో అధ్యాయం చెబుతుంది కదా అని నువ్వంటావు. అది చదివినవారు ఆమెను పొగుడుతారా, తండ్రిని స్తుతిస్తారా? ఆ పేరా నన్ను ఆమెనే పొగడమంది. ఆమె అని తెలియకుండా, ఊరూ పేరూ లేకుండా, ఆ మేలు పొందినవారి వైపు నుంచి రాసి చూడు.

మన రాతకు వచ్చే మెప్పుకీ మత్తయి ఆరో అధ్యాయమే వర్తిస్తుంది. మనుషులకు కనబడాలని చేసేవారు తమ ఫలం పొందేశారని ప్రభువు అంటాడు. వ్యాసం బయటికి పంపే ముందు ఆ వచనాలతో కాసేపు ఒంటరిగా కూర్చో. రాయడం మానుకోవాలని కాదు, ఏ వాక్యం ఎవరి కోసం రాశావో నీకే తెలుస్తుంది.

కిరీటాల భాగం కుదించి, పేతురు ప్రశ్న చేర్చి, ఆ పెద్దావిడ పేరా మార్చి మళ్లీ పంపించు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం గురించి నువ్వడిగిన సందేహానికి అది చదివాక విడిగా రాస్తాను.

ప్రభువునందు,
నీ అన్నయ్య