కార్ట్రిడ్జ్ కొనేముందు ముల్లు చూడు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆడియో టెక్నికా వీఎం95ఎంఎల్, ఆర్టోఫోన్ 2ఎం బ్లూ, డెనాన్ డీఎల్-103, ఈ మూడింట్లో ఏది కొనమంటావు మామయ్యా అని రాశావు. మూడూ వద్దు. కార్ట్రిడ్జ్ అంటే ముల్లును పట్టుకుని, దాని కదలికను సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా. నీ టర్న్‌టేబుల్‌తో వచ్చిన వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌ని కదపకుండా, దానికి ఎంఎల్ ముల్లు ఒక్కటి విడిగా కొను. ఎందుకంటున్నానో కుదురుగా కూర్చుని చదువు.

ముందు డెనాన్ సంగతి తేల్చేద్దాం. అది గొప్పదే. 1960లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం తయారుచేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. కానీ అది మూవింగ్ కాయిల్ రకం, ముల్లుతో పాటు తీగచుట్ట కదులుతుంది. దాన్నుంచి వచ్చే సిగ్నల్ 0.3 మిల్లీవోల్టులు. నీ దగ్గరున్నది అయస్కాంతం కదిలే మూవింగ్ మాగ్నెట్ రకం, 4 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే డెనాన్ సిగ్నల్ దీంట్లో పదమూడో వంతు. కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ను పెంచేది ఫోనో స్టేజి. నీ టర్న్‌టేబుల్ లోపలున్న ఫోనో స్టేజికి ఇంత చిన్నదాన్ని పెంచే శక్తి లేదు. వేరే ఫోనో స్టేజో, స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మరో కొనాలి. అంత పెంచినప్పుడు మీ బ్రాడీపేట ఇంట్లో ఎర్తింగ్ కాస్త బలహీనంగా ఉన్నా 50 హెర్ట్జ్ హమ్ పాట కింద మోగుతూనే ఉంటుంది. పైగా దాని సస్పెన్షన్, అంటే ముల్లును ఆడనిచ్చే పట్టు, గట్టిది. కార్ట్రిడ్జ్‌ని మోసే చేయి, అదే టోన్‌ఆర్మ్, బరువైనది కావాలి. ముల్లు అరిగితే మనం మార్చుకోలేం, కార్ట్రిడ్జ్ మొత్తం పంపించాల్సిందే. నీకిప్పుడు అది తగదు.

అసలు విషయం ముల్లు కొన ఆకారంలో ఉంది. రికార్డును కోసే పనిముట్టు ఉలి లాంటి అంచున్నది. అది గీసిన గాడిలోని సన్నటి వంపుల్లోకి గుండ్రటి కొన దూరలేదు. వాటి మీదుగా జారిపోతుంది. కోనికల్ ముల్లు అంటే అదే. ఎలిప్టికల్ అంతకంటే సన్నం, నీ వీఎం95ఈకి ఉన్నది అదే. ఇక ఎంఎల్, అంటే మైక్రోలీనియర్ కొన గాడి గోడను నిలువునా పొడుగ్గా, అడ్డంగా మాత్రం అతి సన్నగా తాకుతుంది. అందుకే రికార్డు చివరి పాటలో తేడా తెలుస్తుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది కానీ, బయటి అంచున గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు ముల్లు కింద నుంచి పోతే, లోపల లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే పోతుంది. అంత తక్కువ జాగాలో అదే పాట ఇమడాలి, వంపులన్నీ ఇరుకైపోతాయి. పాట చివరికొచ్చేసరికి స, శ, ష అక్షరాలు చీలి బుసకొడుతున్నాయని రాశావే, కారణం ఇదే. ఆంప్లిఫయర్‌ది తప్పు కాదు.

తాతయ్య రికార్డుల విషయంలో ఇంకో మాట. ఆయన వాటిని ఏళ్ల తరబడి సిరామిక్ పికప్, అంటే పాతకాలపు కార్ట్రిడ్జ్, ఉన్న ప్లేయర్ మీదే విన్నారు. ఆ పికప్‌లు బరువుగా నొక్కేవి, కొన గుండ్రంగా ఉండేది. గాడిలో ఒక ఎత్తు దగ్గర గోడలు అరిగి ఉంటాయి. ఎంఎల్ కొన ఆ అరిగిన పట్టీకి పైనా కిందా కూడా తాకుతుంది కాబట్టి కొన్ని ప్లేట్లు ఆశ్చర్యపోయేంత శుభ్రంగా పలుకుతాయి. అన్నీ పలకవు. బాగా దెబ్బతిన్న వాటిలో గీతల చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. వాటి కోసం పాత ఎలిప్టికల్ ముల్లును పారేయకుండా దాచు.

ధర చూసి మీ అమ్మ గుండె పట్టుకుంటుందని తెలుసు. లెక్క చూపించు. ఎలిప్టికల్ ముల్లుకు 300 గంటలు, మైక్రోలీనియర్‌కు 1000 గంటలు ఆయుష్షని ఆడియో టెక్నికా వాళ్లే చెబుతారు. రోజూ ఒక రికార్డు రెండువైపులా వింటే నలభై నిమిషాలు. ఆ చొప్పున మొదటిది ఏడాదింబావు, రెండోది నాలుగేళ్లు. అరిగిన ముల్లుతో పాడయ్యే రికార్డుల ఖరీదు ఇందులో కలపలేదు. అవి మళ్లీ దొరికేవీ కావు.

ఆర్టోఫోన్ 2ఎం బ్లూ మంచి కార్ట్రిడ్జ్. ఎలిప్టికల్ కొనే అయినా, కొనలోని వజ్రాన్ని లోహపు ముక్కకు అతికించకుండా, కొనను మోసే సన్నటి కడ్డీకి, అంటే కాంటిలీవర్‌కు, నేరుగా బిగిస్తారు, కదిలే బరువు తగ్గుతుంది. దాని పలుకులో ఉత్సాహం ఉంటుంది. అయితే నీ స్నేహితుడి ఇంట్లో విని అదే బాగుందన్నావు, ఆ పోలికను నేను నమ్మను. బ్లూ ఇచ్చేది 5.5 మిల్లీవోల్టులు. నీదాని కంటే దాదాపు 3 డెసిబెళ్లు ఎక్కువ. కాస్త గట్టిగా వినిపించిందే మన చెవికి మేలైనదిగా అనిపిస్తుంది. రెండోది కెపాసిటెన్స్, అంటే తీగల్లో కాస్త విద్యుదావేశం నిలిచే గుణం. కేబుల్, ఫోనో స్టేజి కలిపి ఆడియో టెక్నికాకు 100 నుంచి 200 పికోఫారడ్లు ఉండాలి. 2ఎం బ్లూ 150 నుంచి 300 దాకా అడుగుతుంది. పొడుగాటి కేబుల్ వేసి 250కి చేరిస్తే బ్లూ హాయిగా పాడుతుంది, ఆడియో టెక్నికా పైస్థాయిలో గరగరలాడుతుంది. అప్పుడు కార్ట్రిడ్జ్‌ని తిట్టి లాభమేముంది? నీ ఫోనో స్టేజి టర్న్‌టేబుల్ లోపలే ఉంది కాబట్టి దాని నుంచి బయటికొచ్చే కేబుల్‌తో ఇప్పుడు ఈ బెంగ లేదు. ఎప్పుడైనా బయటి ఫోనో స్టేజికి మారితే మాత్రం పొట్టి కేబుల్ వాడు, తక్కువ కెపాసిటెన్స్ ఉన్నది చూసుకో.

నీ దగ్గర రెండు ముళ్లూ ఉన్నాక పోల్చడం తేలిక. కార్ట్రిడ్జ్ ఒకటే, కేబుల్ ఒకటే, ముల్లు గాడిని నొక్కే బరువు రెండింటికీ 2 గ్రాములే. ముల్లు లాగి ఇంకోటి తొడగడమే. ఎంఎల్ ఇచ్చేది 3.5 మిల్లీవోల్టులు, అంచేత వాల్యూమ్ కొద్దిగా పెంచి సమానం చేశాకే విను. ఒకే రికార్డు, ఒకే పాట, అదీ లోపలి వైపున్నది. ముందు గొంతు మీద ధ్యాస పెట్టు, తర్వాత వయొలిన్, ఆ తర్వాత తబలా చప్పుడు ఎక్కడ ఆగుతోందో చూడు. వెంటవెంటనే మార్చకు, పాట మొత్తం విను.

బిగింపు సరిగ్గా లేకపోతే ఎంఎల్ దండగే. సన్నటి కొన కాబట్టి ఏ కాస్త వంకరైనా క్షమించదు. టోన్‌ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్‌ని బిగించే హెడ్‌షెల్‌లో అది నిలువుగా కూర్చుందో లేదో ఎదురుగా నిలబడి చూడు. కోణం సరిచూసే ప్రొట్రాక్టర్ కాగితం మీద, మధ్య ఇరుసు నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గరున్న రెండు గుర్తుల వద్దా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా ఉండాలి. అచ్చు తీసేటప్పుడు సైజు మారకూడదు, స్కేలుతో కొలిచి చూసుకో. బరువుకు టోన్‌ఆర్మ్ మీది అంకెల్ని నమ్మకు, చిన్న డిజిటల్ గేజ్ కొను. తీగలు విప్పాల్సి వస్తే తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. పట్టకారుతో లాగొద్దు, తెగుతాయి.

ముల్లు మీద బ్రష్ ఎప్పుడూ వెనక నుంచి ముందుకే. పక్కలకు తుడిస్తే కాంటిలీవర్ వంగిపోతుంది. మీ రోడ్డు వైపు కిటికీ తీసి, ఫ్యాను కింద రికార్డు పెట్టావంటే దుమ్మంతా గాడిలోకే. రోహిణి కార్తెలో ప్లేట్లను మేడ మీద గదిలో ఉంచకు, ఎండవేడికి వంకర్లు తిరుగుతాయి. కిందింట్లో, నిలబెట్టి పేర్చు.

తాతయ్య 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్లు, ఎల్పీ ముల్లుతో మాత్రం వాయించకు. ఆ గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల గుండ్రటి కొన కావాలి. ఎల్పీ ముల్లు అడుగున దొర్లుతూ మట్టిని చదువుతుంది. ఇదే వీఎం95 కార్ట్రిడ్జ్‌కు 78ల కోసం ఎస్పీ అనే ముల్లు దొరుకుతుంది. దానికి బరువు వేరు, పెట్టె మీద చూసి మార్చు, ఎల్పీకి వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ 2 గ్రాములకు దించు. ఆ ప్లేట్లను స్పిరిట్‌తో తుడవకు, లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ చాలు, లేబుల్ తడవకుండా చూడు.

ఎంఎల్ ముల్లు వచ్చాక సీలు విప్పి పెట్టేయకుండా, ఆదివారం హెడ్‌షెల్‌తో సహా పట్టుకుని బస్సెక్కి రా. నా దగ్గర భూతద్దం, గేజ్ ఉన్నాయి. ఇద్దరం కలిసి బిగిద్దాం. అత్తయ్య గోంగూర చేస్తానంది, మీ అమ్మను కూడా తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య